కీ వాచీ ఉన్న ఇంట్లోకి స్మార్ట్ వాచీ వస్తే

ఏళ్ల తరబడి ముల్లుల వాచీలు వాడి, ఇప్పుడు రోజూ స్మార్ట్ వాచీ పెట్టుకుంటున్నవారు తమ అనుమానాలు రాయమని గత సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో కొత్త వాచీ గురించి ఎన్ని ప్రశ్నలున్నాయో, దానివల్ల బీరువాలోకి చేరిన పాత వాచీల గురించీ అన్నే ఉన్నాయి. అందుకే ఈసారి రెండింటినీ కలిపే చూస్తున్నాం.

ప్రశ్న: నలభై ఏళ్లుగా కీ ఇచ్చే వాచీలే పెట్టుకున్నాను. హెచ్ఎంటీ పైలట్, జనతా, ఒక ఆటోమేటిక్ సీకో (చేతి ఊపుకే కీ ఎక్కేది) ఉన్నాయి. ఏడాది కిందట మా అమ్మాయి స్మార్ట్ వాచీ కొనిచ్చింది. నడక లెక్క బాగుందని రోజూ అదే పెట్టుకుంటున్నా. మొన్న ఒక పెళ్లికి పైలట్ తీసి కీ ఇస్తే రోజుకు పావుగంట ఫాస్ట్ పోతోంది. ఇదివరకు అర నిమిషం తేడా కూడా ఉండేది కాదు. అన్నీ మంచం పక్క బల్ల మీదే ఉంటాయి, స్మార్ట్ వాచీ చార్జింగ్ కూడా అక్కడే. వాడక పాడైందా? విప్పించమంటారా?
— రిటైర్డ్ హెడ్‌మాస్టర్, తెనాలి

జవాబు: ఇప్పుడే విప్పించకండి మాస్టారూ. వాడకుండా ఉంచిన వాచీలో నూనె చిక్కబడుతుంది. అప్పుడు వాచీ నీరసంగా నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. ఉన్నట్టుండి పావుగంట ఫాస్ట్ అవడం నూనె లక్షణం కాదు, అయస్కాంతం లక్షణం. మీ బల్ల మీద ఉన్న స్మార్ట్ వాచీ చార్జర్ బిళ్లలో అయస్కాంతం ఉంటుంది. వాచీ దానికి టక్కున అతుక్కునేది అందువల్లే. కొన్ని స్మార్ట్ వాచీల జాలీ చైను కొక్కెంలోనూ, ఫ్లిప్ కవర్ ఉన్న ఫోను పౌచ్‌లోనూ, బ్లూటూత్ ఇయర్ ఫోన్ల డబ్బా మూతలోనూ ఉంటుంది. కీ వాచీని వీటి పక్కన పడుకోబెడితే చాలు.

లోపల జరిగేది ఇది. పైలట్ గంటకు 18,000 బీట్లు (టిక్కులు) కొట్టే వాచీ, అంటే సెకనుకు 5. ఆ లెక్క తప్పకుండా చూసేది వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగ్. అది అయస్కాంతం పట్టుకుంటే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొడవు తగ్గినట్టే లెక్క. పొట్టి తాడు కట్టిన ఉయ్యాల గబగబా ఊగినట్టు బ్యాలెన్స్ వీలు (అటూఇటూ ఊగే చిన్న చక్రం) కూడా త్వరగా తిరుగుతుంది. వాచీ ఫాస్ట్ అవుతుంది.

నిర్ధారణకు పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే చిన్న దిక్సూచి చాలు. ఫోనులోని కంపాస్ వద్దు, దాని స్పీకర్ అయస్కాంతమే అడ్డొస్తుంది. దిక్సూచిని బల్ల మీద పెట్టి, నడుస్తున్న వాచీని దాని చుట్టూ మెల్లగా తిప్పండి. ఏదో ఒక చోట దిక్సూచి ముల్లు గట్టిగా పక్కకు లాగినా, టిక్కులతో పాటు వణికినా అయస్కాంతం పట్టినట్టే. స్టీలు కేసుకు కొంచెం కదలడం మామూలే, దాన్ని పట్టించుకోవద్దు.

అయస్కాంతం తీయడానికి డీమాగ్నెటైజర్ అనే పరికరం కావాలి. పాత వాచీ షాపుల్లో ఉంటుంది, రెండు నిమిషాల పని. ఆన్‌లైన్‌లో దొరికే నీలం రంగు పెట్టె కొని ఇంట్లో చేసుకున్నా పరవాలేదు. వాచీని పెట్టె మీద పెట్టి బటన్ నొక్కి పట్టుకోండి. బటన్ వదలకుండానే వాచీని నెమ్మదిగా, తిన్నగా పైకి రెండడుగుల దూరం తీసి, అప్పుడు బటన్ వదలండి. అందరూ తప్పేది ఇక్కడే. వాచీ పెట్టె మీద ఉండగానే బటన్ వదిలితే ఉన్న అయస్కాంతం పోకపోగా కొత్తది ఎక్కుతుంది. బటన్‌ను ఐదారు సెకన్లకు మించి నొక్కి ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది. పొరపాటున కూడా స్మార్ట్ వాచీని దాని మీద పెట్టొద్దు.

తర్వాత ఒక రోజంతా టైము చూడండి. మునుపటి లెక్కకు వస్తే పని అయిపోయినట్టే. ఇంకా ఫాస్టే అయితే హెయిర్ స్ప్రింగుకు నూనె అంటి చుట్లు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు మాత్రం షాపుకు వెళ్లాల్సిందే. విప్పేముందు "డీమాగ్నెటైజ్ చేశాం" అని మెకానిక్‌కు చెప్పండి, సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇకమీదట చార్జర్‌కూ కీ వాచీలకూ మధ్య కనీసం ఒక అడుగు దూరం ఉంచండి. అయస్కాంతం బలం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. చార్జర్ మీద పెట్టిన వాచీ పాడవుతుంది, అడుగు దూరంలో ఉన్నది క్షేమంగా ఉంటుంది.

ఇక వాడని రోజుల సంగతి. పైలట్‌కూ జనతాకూ వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున అనుకోండి, పూర్తిగా కీ ఇచ్చి నడవనివ్వండి. వేలికి బిగువు తగలగానే ఆపాలి. ఆ తర్వాత ఇచ్చే ఒక్క చుట్టే మెయిన్ స్ప్రింగును (వాచీని నడిపే పెద్ద స్ప్రింగు) తెంపేది. సీకో ఆటోమేటిక్ చేతికి లేకుంటే దాదాపు 40 గంటల్లో ఆగుతుంది. ఆగితే నష్టమేమీ లేదు. లోపల ఉన్నది 7ఎస్26 అనే పాత మెషీన్ అయితే క్రౌన్ (పక్కనున్న తిప్పే బటన్) తిప్పినా కీ ఎక్కదు. వాచీని అడ్డంగా పట్టుకుని అరనిమిషం మెల్లగా ఊపి చేతికి పెట్టుకోవాలి. ఎన్‌హెచ్35 రకం అయితే క్రౌన్‌తో 20, 30 చుట్లు ఇవ్వొచ్చు. ఆగిన వాచీలో తేదీ మార్చేటప్పుడు ముందు ముల్లులను తిప్పి పొద్దున 6 దగ్గర పెట్టండి, తర్వాత తేదీ మార్చండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 వరకు తేదీ పళ్లచక్రాలు కరుచుకుని ఉంటాయి. ఆ టైములో బలవంతంగా మారిస్తే ఒక పన్ను విరుగుతుంది, విరిగిందని కూడా తెలియదు, తేదీ సగంలో ఇరుక్కునే దాకా.

సర్వీసింగ్ నాలుగైదేళ్లకు ఒకసారి. "నడుస్తోందిగా" అని వదిలేస్తే ఎండిన నూనెలో పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) అరుగుతాయి. హెచ్ఎంటీ 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలుపెట్టిన వాచీల తయారీకి 2016 జనవరిలో కేంద్రం మూసివేత ముద్ర వేసింది. ఇప్పుడు దొరికే విడిభాగాలు పాత స్టాకు, లేదా ఇంకో వాచీలోంచి తీసినవి. అరగనివ్వకపోవడమే చవక.

ప్రశ్న: ఎడమ చేతికి ఆటోమేటిక్, కుడి చేతికి స్మార్ట్ వాచీ పెట్టుకుంటున్నా. ఆఫీసులో నవ్వుతున్నారు, అది వేరే సంగతి. నా ఇబ్బంది గుండె వేగంతో. కేబీఆర్ పార్కులో జాగింగ్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే 168 చూపిస్తుంది. నాకు ఆయాసం కూడా ఉండదు. కుడి చేతికి పెట్టుకోవడం వల్లనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: చేయి ఏదైనా ఒకటే. కాకపోతే యాప్ సెట్టింగ్స్‌లో "కుడి మణికట్టు" అని మార్చారో లేదో చూడండి. మార్చకపోతే చెయ్యెత్తినప్పుడు తెర వెలగడం, అడుగుల లెక్క తేడాపడతాయి.

ఆ 168 మీ గుండెది కాదు, మీ కాళ్లది. జాగింగ్‌లో నిమిషానికి 160 నుంచి 175 అడుగులు పడటం మామూలు. వాచీ అడుగున ఉన్న పచ్చ లైటు చర్మంలోకి వెళ్లి, రక్తం ఎంత పీల్చుకుంటే అంత తక్కువగా తిరిగి వస్తుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి చెబుతుంది వాచీ. బెల్టు వదులుగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా వాచీ ఎగిరి, బయటి వెలుతురు లోపలికి దూరుతుంది. ఆ కుదుపునే నాడి అనుకుని దానికి అతుక్కుపోతుంది. ఇది ఖరీదైన వాచీల్లోనూ జరుగుతుంది.

పరుగుకు ముందు వాచీని మణికట్టు ఎముక మీంచి రెండు వేళ్ల వెడల్పు పైకి జరిపి, బెల్టు ఒక రంధ్రం బిగించండి. వాచీని కదిపితే దాంతోపాటు చర్మం కదలాలి, వాచీ జారకూడదు. ఇంటికొచ్చాక మళ్లీ వదులు చేయండి. రోజంతా ఆ బిగువుతో ఉంచితే దద్దురు ఖాయం. చలికాలం పొద్దున్నే చర్మంలోకి రక్తం తక్కువ వస్తుంది, అందుకే మొదటి ఐదు నిమిషాల అంకెలు డిసెంబర్‌లో ఇంకా అధ్వానంగా ఉంటాయి. వాచీ పెట్టుకున్నాక గదిలోనే కొంచెం చేతులు ఆడించి బయల్దేరండి.

సరిచూసుకోవడం తేలిక. పరుగు ఆపిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి 4తో గుణించండి. దానికి మీ ఆటోమేటిక్ వాచీ సెకన్ల ముల్లు కన్నా మంచి సాధనం లేదు. వాచీ అంకె మీ లెక్కకు ఐదారు అటూఇటూగా ఉంటే నమ్మొచ్చు. పరుగు పందేలకు లెక్క పక్కాగా కావాలంటే ఛాతీకి కట్టే పట్టీ కొనుక్కోండి. అది లైటుతో కాదు, గుండె విద్యుత్తుతో కొలుస్తుంది కాబట్టి కుదుపులకు మోసపోదు.

రెండు వాచీలు పెట్టుకునే అలవాటు మాకు బాగానే అనిపిస్తుంది. కానీ రెండూ ఒకే చేతికి మాత్రం వద్దు. స్టీలు కేసులు రాసుకుని రెండింటికీ గీతలు పడతాయి, పైన పెట్టింది కిందకు జారి సెన్సర్‌ను లేపేస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. కొన్నప్పుడు రెండు రోజులు వచ్చిన చార్జింగ్ ఇప్పుడు ఒక రోజు రావడమే కష్టంగా ఉంది. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టడం తప్పా?
— సింగరేణి ఉద్యోగి, రామగుండం

జవాబు: రాత్రంతా పెట్టడం కన్నా ఎండే పెద్ద శత్రువు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. యాపిల్ తన వాచీలకు చెప్పే లెక్క చూడండి: వాడేటప్పుడు 0 నుంచి 35 డిగ్రీలు, దాచేటప్పుడు 45 దాకా. మీ ఊళ్లో నీడలోనే ఆ హద్దు దాటుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద 60 కూడా దాటొచ్చు. అక్కడ ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే తగ్గిన కెపాసిటీ మళ్లీ రాదు.

ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి. చార్జర్ వేడి దానికి తోడవుతుంది. పావుగంట ఫ్యాను కింద ఉంచి చల్లబడ్డాక పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టే వాళ్లున్నారు, అసలే వద్దు, లోపల తేమ పేరుకుంటుంది.

చార్జింగ్‌కు మేం చెప్పే వేళ వేరు. స్నానం, పూజ, టిఫిన్ కలిపి ఎవరింట్లోనైనా ముప్పావు గంట పడుతుంది. ఆ టైములో పెట్టండి. చాలా వాచీలకు 30, 40 శాతం నుంచి 80, 90 దాకా ఎక్కడానికి అది చాలు. రాత్రి నిద్ర లెక్క కూడా పోదు. సబ్బునీళ్లకు, వేడినీళ్లకు వాచీ దూరంగా ఉండటం అదనపు లాభం. ఇంట్లో బ్యాటరీని పూర్తిగా సున్నాకు తేవొద్దు. 20 దగ్గర పెట్టి 80, 90 దగ్గర తీసేస్తే ఎక్కువకాలం మన్నుతుంది.

ఎన్నాళ్లు అంటే, పూర్తి చార్జింగులు వెయ్యి అయ్యేదాకా అసలు కెపాసిటీలో 80 శాతం నిలిచేలా తయారుచేశామని యాపిల్ అంటుంది. రోజుకు ఒక పూర్తి చార్జింగ్ అనుకుంటే మూడేళ్లు కూడా నిండవు. రెండు రోజులకు ఒకసారి చార్జింగ్ అడిగే వాచీకి అదే లెక్కన ఐదేళ్లు దాటుతుంది. కొనేటప్పుడు బ్యాటరీ ఎన్ని రోజులొస్తుందో చూడటం సౌకర్యానికే కాదు, వాచీ ఆయుష్షుకు కూడా.

మీరు వెంటనే చేయగలిగినవి: ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే ఆపండి, తెల్ల డయల్ బదులు నల్ల డయల్ పెట్టండి. అమోలెడ్ తెరలో (ప్రతి చుక్కా విడిగా తానే వెలిగే తెర) నల్లగా ఉన్న చోట పిక్సెల్ వెలగనే వెలగదు, కరెంటు తాగదు. నల్ల డయల్ మీద సన్నని తెల్ల ముల్లులు, పైలట్ వాచీ లాంటివి, చూడటానికి కూడా బాగుంటాయి.

ఒక హెచ్చరిక. తెర ఒక అంచున లేచినా, వెనక మూత ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. నొక్కి మూసే ప్రయత్నం చేయకండి, చార్జింగ్ పెట్టకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. సెల్లు మార్చే వీధి చివరి షాపులో దాన్ని విప్పించకూడదు. గుచ్చుకుంటే మంటంటుకుంటుంది.

ప్రశ్న: వంటింట్లో నిలబడి పూరీలు ఒత్తితే వందల అడుగులు వేసినట్టు చూపిస్తుంది. బిందె చంకలో పెట్టుకుని నీళ్లు మోస్తే ఒక్క అడుగూ లెక్కెయ్యదు. మరి పదివేల అడుగులు ఎలా నమ్మను? ఇంకోటి, పెట్టుకున్న వాచీ మాటిమాటికీ లాక్ అయి నంబర్ అడుగుతుంది.
— గృహిణి, మచిలీపట్నం

జవాబు: వాచీ చూసేది కాలిని కాదు, చేతి ఊపును. పూరీలు ఒత్తడం, పిండి పిసకడం, బట్టలు ఉతకడం దానికి నడకలాగే కనిపిస్తాయి. గతుకుల రోడ్డు మీద స్కూటీ కూడా అంతే. బిందె మోసేటప్పుడు, పిల్లాడి చెయ్యి పట్టుకున్నప్పుడు చేయి ఊగదు కాబట్టి వదిలేస్తుంది. నీళ్లు మోసేటప్పుడు "వాకింగ్" వ్యాయామం ఆన్ చేస్తే గుండె వేగాన్ని బట్టి శ్రమనైనా లెక్కేస్తుంది.

ఒకసారి పరీక్షించండి. ఖాళీ చేతులతో మామూలుగా 200 అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి. వాచీ 190 నుంచి 210 మధ్య చూపిస్తే అది బాగానే ఉన్నట్టు. దూరం తేడాగా వస్తే యాప్‌లో మీ ఎత్తు సరిగ్గా వేశారా చూడండి. సొంత జీపీఎస్ లేని వాచీలు ఎత్తును బట్టే అంగ పొడవు ఊహిస్తాయి.

పదివేలు అన్న అంకెను పట్టుకుని బాధపడొద్దు. 1965 ప్రాంతంలో జపాన్‌లో యమాసా కంపెనీ అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరు మాన్‌పో కెయ్, అంటే పదివేల అడుగుల కొలత. ఆ పేరే లక్ష్యమై ప్రపంచమంతా పాకింది. నిన్నటికంటే ఇవాళ ఎంత అన్నది చూసుకోండి.

లాక్ సంగతికి మీ మణికట్టు దగ్గర పచ్చబొట్టు ఉందా చూడండి. ముదురు రంగు వాచీ లైటును మింగేస్తుంది, వాచీ తనను చేతినుంచి తీసేశారనుకుని తాళం వేసుకుంటుంది. పచ్చబొట్టు లేని చేతికి మార్చండి. లేకుంటే గాజులే కారణం. వాచీకి కింద గాజులుంటే అవి దాన్ని పైకి లేపుతాయి. వాచీని మోచేతి వైపు, గాజులను అరచేతి వైపు ఉంచి మధ్యలో వేలెడు సందు వదలండి. మట్టి గాజులు తెర అంచును కొడితే గాజులే పగులుతాయి, రాళ్ల గాజులైతే తెర గీరుకుంటుంది.

ప్రశ్న: "ఐదు ఏటీఎం" అని రాసి ఉంటే సముద్రంలో దిగొచ్చా? బెల్టు కింద ఎర్రగా దురద వస్తోంది, పక్కనున్న తిప్పే బటన్ కూడా గట్టిపడింది.
— కాలేజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఐదు ఏటీఎం అంటే కదలని నీటిలో 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడికి తట్టుకుంటుందని ప్రయోగశాలలో తేల్చారన్నమాట. 50 మీటర్లు మునగొచ్చని కాదు. ఈత కొట్టొచ్చు. పైనుంచి దూకడం, వాటర్ స్కీయింగ్ వద్దు. మూడు ఏటీఎం అయితే వానకు, చేతులు కడుక్కోడానికి మాత్రమే. ఆర్కే బీచ్‌లో దిగి వచ్చాక మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు గడ్డకట్టి మీ తిప్పే బటన్‌ను పట్టేస్తుంది. దాని మందు కూడా నీళ్లే. వాచీ ఆఫ్ చేసి, బెల్టు తీసి, సన్నగా కారే గోరువెచ్చని కుళాయి నీళ్ల కింద 10, 15 సెకన్లు బటన్‌ను తిప్పుతూ నొక్కుతూ ఉంచండి. సబ్బు వద్దు, పిన్నుతో గుచ్చడం అసలే వద్దు. లోపలి రబ్బరు చిరుగుతుంది.

నీటికి తట్టుకునే గుణం శాశ్వతం కాదు. రబ్బరు సీళ్లు ఏళ్లతో గట్టిపడతాయి. ఒకసారి తెర మార్పించిన వాచీని, కొత్త సీలు వేశారని రాతపూర్వకంగా ఇస్తే తప్ప నీళ్లలో ముంచకండి.

దురదకు ఎక్కువసార్లు కారణం బెల్టు కింద నిలిచిన చెమట, సబ్బు నురగ. రోజుకు రెండుసార్లు తీసి, చేయీ బెల్టూ కడిగి, రెండూ పూర్తిగా ఆరాక పెట్టుకోండి. రాత్రికి మరో చేతికి మార్చండి. వారం చూసినా తగ్గకపోతే, ముఖ్యంగా మెటల్ కొక్కెం తగిలే చోటే వస్తుంటే, నికెల్ పడట్లేదని అనుమానించి చర్మ డాక్టరుకు చూపించండి.

ఇక్కడ పాత వాచీ ప్రియులకు ఒక మంచి మాట. చాలా స్మార్ట్ వాచీలకు మామూలు 20 లేదా 22 మిల్లీమీటర్ల బెల్టులు సరిపోతాయి. వాచీకి బెల్టు తగిలించే చెవుల మధ్య సందును లోపలి నుంచి లోపలికి స్కేలుతో కొలవండి. వేసవిలో గుడ్డ బెల్టు, పెళ్లికి తోలు బెల్టు హాయిగా మార్చుకోవచ్చు. పిన్ను దళసరి మాత్రం చూసుకోవాలి. సన్నని పిన్ను లావు రంధ్రంలో ఊగి ఏదో ఒక రోజు ఊడిపోతుంది. బిగించాక రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. విశాఖ గాలికి తోలు బెల్టు నెలలో బూజుపడుతుంది, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: రాజమండ్రిలో ఉన్న నాన్నగారికి 72 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. రెండూ చూసే వాచీ ఇక్కడినుంచి పంపాలని ఉంది. ఆయన ఆల్విన్ వాచీ తప్ప ఇంకోటి పెట్టుకోరు.
— డాలస్, అమెరికా

జవాబు: షుగర్ చూసే వాచీ కొనకండి. గుచ్చకుండా, చర్మం మీంచి సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. రెండు మూడు వేలకు దొరికే వాటిలో తెర మీద అంకె వస్తుంది, అంతే. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. షుగర్‌ను ఎడతెగకుండా కొలిచే, చేతికి అతికించే సీజీఎం సెన్సర్ అంకెలను వాచీలో చూపించడం వేరు, అక్కడ కొలిచేది సెన్సర్.

బీపీ వచ్చే వాచీ కూడా పట్టీ యంత్రానికి బదులు కాదు. సామ్‌సంగ్ గెలాక్సీ వాచీలో బీపీ చూడాలంటే ముందు చేతి పట్టీ యంత్రంతో కొలిచి ఆ అంకెలు ఇవ్వాలి, 28 రోజులకు ఒకసారి మళ్లీ ఇవ్వాలి. దానికి సామ్‌సంగ్ ఫోను కూడా ఉండాలి. ఎలాగూ పట్టీ యంత్రం కొనాల్సిందే కాబట్టి, మంచి భుజం పట్టీ యంత్రం ఒకటి కొని పంపండి.

ఈసీజీ ఉన్న వాచీకి మాత్రం విలువుంది. వాచీ లేని చేతి వేలిని క్రౌన్ మీద 30 సెకన్లు ఆనిస్తే ఒక్క లీడు (ఒకే కోణం నుంచి చూసే) ఈసీజీ తీసి, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సూచనలు చెబుతుంది. గుండెపోటును మాత్రం పట్టుకోలేదు. ఛాతీ నొప్పి వచ్చినప్పుడు వాచీ "అంతా మామూలే" అన్నా 108కి ఫోన్ చేయాల్సిందే. ఈ మాట నాన్నగారికి తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయనకు పేస్‌మేకర్ ఉంటే, చార్జర్, అయస్కాంతపు బెల్టు ఛాతీకి అరడుగు దూరంలో ఉండాలి, చార్జింగ్ అవుతున్నప్పుడు అడుగు. కొనేముందు ఆయన డాక్టరును అడగండి.

ఆయన వయసుకు మాకు నచ్చేది పడిపోతే గుర్తించే సదుపాయం. యాపిల్ వాచ్‌లో వయసు 55, ఆపైన వేస్తే దానంతటదే ఆన్ అవుతుంది. గట్టిగా పడి సుమారు నిమిషం కదలకపోతే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, ఇంట్లోవాళ్లకు కబురు పెడుతుంది. దానికి ఐఫోన్ దగ్గరలో ఉండాలి, లేదా వాచీకి సొంత సిమ్ ఉండాలి. జారిపడేది ఎక్కువగా బాత్రూముల్లో. రాత్రి లేచినప్పుడు చేతికి ఉంటేనే ఉపయోగం. అందుకని చార్జింగ్ పగలే పెట్టమనండి.

ఆల్విన్ మాన్పించకండి. హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో చేసిన వాచీలు అవి, ఇప్పుడు వెతికినా దొరకవు. ఎడమ చేతికి అదే ఉండనిచ్చి, స్మార్ట్ వాచీని కుడి చేతికి పెట్టమనండి. మా అనుభవంలో పెద్దవాళ్లు స్మార్ట్ వాచీని తీసి పక్కన పెట్టేది టైము చూడటానికి రెండుసార్లు చేయి విదిలించాల్సి వచ్చినప్పుడు. టైము చూసే బాధ్యత ఆల్విన్‌ది అయితే ఆ గొడవ ఉండదు. డయల్ పెద్దంకెలది పెట్టి, ఫోన్ కాల్స్ తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి.

ప్రశ్న: లక్ష రూపాయల స్మార్ట్ వాచీ కొంటే మా అబ్బాయికి ఇవ్వగలనా, మా నాన్న నాకు జనతా ఇచ్చినట్టు?
— వ్యాపారి, కర్నూలు

జవాబు: ఇవ్వగలరు, నడవదు. 2015లో యాపిల్ 18 క్యారట్ల బంగారు కేసుతో పదివేల డాలర్ల నుంచి మొదలయ్యే వాచీ అమ్మింది. లోపలి యంత్రం అదే ఏడాది వచ్చిన చవక మోడల్‌దే. 2018లో వచ్చిన ఐదో వెర్షన్ సాఫ్ట్‌వేర్ రెండింటికీ రాలేదు. బంగారం విలువ బంగారానికుంది, వాచీకి లేదు. స్మార్ట్ వాచీని మిక్సీలా, ఫ్యానులా చూడండి: నాలుగేళ్ల పనిముట్టు. ఏడాదికి ఎంత పడుతుందో లెక్కేసి ఆ ధరలోనే కొనండి. మిగిలిన డబ్బుతో నాన్నగారి జనతాకు సర్వీసింగ్ చేయించండి.

చిన్న ప్రశ్నలు

స్మార్ట్ వాచీకీ నా క్వార్ట్జ్ (సెల్లుతో నడిచే) వాచీకీ నెలలో పది సెకన్లు తేడా వస్తోంది, ఏది నిజం? (నిజామాబాద్)
స్మార్ట్ వాచీ. రెండింటి లోపలా సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ ముక్కే ఉంటుంది, కానీ స్మార్ట్ వాచీ ఫోను ద్వారా నెట్ టైముతో సరిచేసుకుంటుంది. నెలకు 15 సెకన్ల లోపు తేడా మామూలు క్వార్ట్జ్‌కు తప్పు కాదు. ఆ క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేసినది. 40 డిగ్రీల బీరువాలో ఉంటే రోజుకు అర సెకనుకు పైగా స్లో అవుతుంది. చేతికి పెట్టుకుంటేనే టైము బాగా చూపిస్తుంది.

సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతోంది. (ఒంగోలు)
పాడవలేదు, సెల్లు అయిపోవచ్చిందని చెబుతోంది. వాడని క్వార్ట్జ్ వాచీల్లో చచ్చిన సెల్లు వదిలేయకండి. కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. స్మార్ట్ వాచీకి మారినవాళ్ల క్వార్ట్జ్ వాచీలు పోయేది ఎక్కువగా ఇలాగే. చాలాకాలం వాడరనుకుంటే సెల్లు తీయించి దాచండి.

నీట్ పరీక్షకు స్మార్ట్ వాచీ వద్దన్నారు, మామూలుది పెట్టుకోవచ్చా? (ఖమ్మం)
ఏ వాచీ అయినా లోపలికి పంపరు. మాక్ టెస్టులు వాచీ లేకుండా, గోడ గడియారం చూసి రాయడం అలవాటు చేయండి.

జనతా అద్దం మీద గీతలు టూత్‌పేస్టుతో పోయాయి, స్మార్ట్ వాచీకీ రుద్దనా? (అనంతపురం)
వద్దు. జనతాది ప్లాస్టిక్ అద్దం, పేస్టుతో అరిగి నునుపవుతుంది. స్మార్ట్ వాచీది గట్టి గాజు. పేస్టు గీతను తీయలేదు, వేలిముద్రలు పడకుండా వేసిన పైపూతను మాత్రం లాగేస్తుంది.